వెనక సీట్లో తలలేని లాయరు

దర్జీకి యాభై రెండేళ్లు, బండికి ఇరవై ఆరు. ఇద్దరిలో ముందు మూలనపడేది ఎవరా అని బావగారికి ఎప్పుడూ అనుమానమే. అలాంటి బండి మీద మూడు వందల కిలోమీటర్ల కొండదారిలో ఒంటరిగా వస్తానంటే ఆయన ఊరుకుంటారా?

"కోటు పార్సిల్లో పంపితే పోలా?" అన్నారు ఫోనులో.

"మడతపడ్డ కోటు కోటే కాదు బావా," అని పెట్టేశాడు దర్జీ.

బావ కూతురు చిన్నప్పుడు కత్తిరింపు ముక్కలతో ఆడుకుంటూ "నేను లాయర్నవుతా మామయ్యా" అంది. "అయితే నీ మొదటి నల్లకోటు నాదే" అని మాటిచ్చాడు. ఆ పిల్ల మొదటి కేసు ఎల్లుండి పదింటికి. ఆలోగా చేరకపోతే ఎవరిదో అరువు కోటులో నిలబడుతుంది. 

నలగకూడదని కోటును దుకాణంలోని తలలేని బొమ్మకే తొడిగి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి, ఆ బొమ్మను వెనక సీటుకు కట్టేశాడు. కోటు చేతులు మాత్రం తెల్లదారంతో కచ్చాకుట్టు వేసి వదిలాడు. మనిషి తొడుక్కుని చెయ్యెత్తి చూపిస్తే తప్ప చేతులు ఖాయం చెయ్యకూడదని గురువు నేర్పిన నియమం. అందుకని జేబులో సూది, ఒకే ఒక్క నల్లదారం రీలు.

మర్నాడు తెల్లారగట్ల బయల్దేరాడు. మొదటిరోజే టైరు పంక్చరైంది. పంక్చర్లు వేసే ఆవిడ తలెత్తకుండానే చక్రం తిప్పి చూసి, "వెనక కూర్చున్న పెద్దాయన్ని కాస్త దిగమనండి," అంది. తలెత్తి చూశాక పాన పారేసి రెండడుగులు వెనక్కి వేసింది. సాయంత్రం వాగు దగ్గర ఇసుకలో స్టాండు దిగబడి బండి ఒరిగితే, దర్జీ బండిని వదిలేసి బొమ్మను కావలించుకున్నాడు. బ్రేకు వంగింది. కోటు భుజం నలగలేదు. బండి ప్రాణమున్నదైతే ఆ పూటే విడాకులు అడిగేది.

రెండోరోజు పొద్దున్నే, ఇంకా నలభై కిలోమీటర్లుండగా యాక్సిలరేటర్ వైరు తెగింది. చుట్టూ రాళ్లు, గాలి, ఎవరివో రెండు మేకలు. ఇంజను సంగతి అతనికి ఓనమాలు రావు. తెగినదాన్ని అతకడం మాత్రం వచ్చు. జేబులోని రీలంతా విప్పి, పదహారు పోగులు పురిపెట్టి, వైరు తెగిన కొసకు ముడేసి లాగాడు. బండి గుర్రుమంది. అంతే, ఎడమచేత్తో హ్యాండిలూ కుడిచేత్తో దారమూ పట్టుకుని, గాలిపటం ఎగరేస్తున్నట్టు కోర్టు దాకా వచ్చాడు.

అప్పటికి తొమ్మిదిన్నర. వరండాలో ఎదురుచూస్తున్న మేనకోడలు కోటు తొడుక్కుంది. సరిగ్గా పట్టింది. చెయ్యెత్తేసరికి చంకలో తెల్లకుట్లు పళ్లికిలించాయి.

"కుట్టెయ్ మామయ్యా, ఇంకా అరగంటుంది."

అతను ఖాళీ రీలు చూపించాడు. "నల్లదారం ఇదొక్కటే తెచ్చానమ్మా. బండికి కట్టేశాను." ఇంత దూరం వచ్చి ఆఖరి కుట్టు దగ్గర మాట తప్పాననుకున్నాడు.

మేనకోడలు బయట నిలిపిన బండి వంక చూసింది. "బండి వచ్చేసింది కదా మామయ్యా, ఇంక దానికి దారమెందుకు?"

దర్జీ నుదురు కొట్టుకుని పరిగెత్తాడు. ముడి విప్పి, పురి విడదీసి, నూనె ఓడుతున్న పోగులతో వరండాలో నిలబడే రెండు చేతులూ కుట్టేశాడు. నలుపులో నలుపు, మరక కనపడలేదు. వాసన మాత్రం పెట్రోలు బంకే.

లోపల పేరు పిలిచారు. ఆమె భుజం తడుముకుంది. "ఆగుతుందా మామయ్యా?"

"నలభై కిలోమీటర్లు బండిని లాగిందే! నీ చెయ్యి దానికో లెక్కా?"

అతను ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. వాదన ఒక్క ముక్క వింటే ఒట్టు. ఆమె చెయ్యెత్తినప్పుడల్లా భుజం వంకే చూశాడు. ముందు వరసలో ఇద్దరు ముక్కు ఎగబీల్చారు, కానీ ఒక్క కుట్టు కూడా కదల్లేదు.