మామయ్య గోడ దిగడు

సుధామణికి సాలీళ్ళంటే భయం లేదు. ఒళ్ళుమంట. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ ఇంట్లో ఒక్కరికీ తలకెక్కలేదు. భయమైతే మొగుడు ధైర్యం చెబుతాడు, అత్తగారు నుదుట ఇంత విభూతి పెడుతుంది. ఒళ్ళుమంటకి మందు ఎవరిస్తారు? పొద్దున లేచి వంటింటి తలుపు తీయగానే పొయ్యి వెనక గోడ మీద అరచేతంత సాలీడు కాళ్ళన్నీ చాపుకుని కూర్చుని ఉంటుంది. చీపురుతో ఒక్కటి తగిలిస్తే తీరిపోయేదానికి, "మామయ్యా, జర పక్కకు జరుగుండ్రి" అని బతిమాలుకోవాలి. కూతురు జగదల్‌పూర్‌లో కాలేజీకి వెళ్తున్న ఆడది ఒక పురుగుని బతిమాలుకోవాలి!

మామగారంటే శ్రీరంగం. మద్దేడులో హైవే పక్కన ముందు కిరాణా కొట్టు, వెనక పెంకుటిల్లు, పక్కన ఇప్పపువ్వూ చింతపండూ బస్తాలు వేసే గోదాము, అంతా ఆయన కట్టించిందే. ఎండాకాలం చివర, తొలకరి పడకముందే పోయాడు. బతికినన్నాళ్ళూ వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, కోడలు పోపు వేస్తే మాడిందని, వేయకపోతే వాసన లేదని వంక పెట్టాడు. కాపురానికి వచ్చింది మొదలు సుధామణి ఒక్కపూటైనా వెనక్కి తిరిగి చూసుకోకుండా వంట చేసి ఎరగదు. ఆయన పోయినప్పుడు ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే, ఇక నా వంటింట్లో నేను నెమ్మదిగా వండుకోవచ్చు అన్న ఆలోచన వచ్చింది. దానికి సిగ్గుపడింది కానీ, ఆ ఆలోచనని మాత్రం వదులుకోలేదు. ఆవిడ ఆ ఇంట్లో ఇంకేమీ అడగలేదు.

ఆ వంటింట్లోకే ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఎలా వచ్చాడంటే, వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉంది. దినానికి ముందురోజు సాయంత్రం, ప్రాణం పోయిన చోట నేల అలికి, జల్లించిన బియ్యప్పిండి పల్చగా పరిచి, పైన గంప బోర్లించి, పక్కన దీపం పెట్టి అందరూ ఆ గదిలోంచి వచ్చేస్తారు. తెల్లారి గంప ఎత్తి చూస్తారు. పిండిలో పక్షి కాలి గుర్తు కనిపిస్తే పక్షై వచ్చినట్టు, చార కనిపిస్తే పామై వచ్చినట్టు. పోయినవాళ్ళు ఏ రూపంలో వచ్చి ఇల్లు చూసుకుని వెళ్ళారో అలా తెలుస్తుందని నమ్మకం.

ఆ గంప తెమ్మని సుధామణినే తరిమారు. ఇంటినిండా చుట్టాలు, కొంపలంటుకున్నట్టు తొందర. గోదాములోకి పరుగెత్తి చింతపండు మోసే గంప ఒకటి లాక్కొచ్చి, దులపనైనా దులపకుండా బోర్లించేసింది. బోర్లిస్తుంటే లోపల అంచు వెంబడి ఏదో పాకింది. బొద్దింక కాబోలు అనుకుని ఊరుకుంది.

తెల్లారి గంప ఎత్తింది బాసగూడ నుంచి వచ్చిన ముసలయ్య, శ్రీరంగానికి వరసకి అన్న. పిండి మీద అడ్డదిడ్డంగా సన్నసన్నటి గీతలు. గీతల మధ్యలో, కాళ్ళకి పిండి అంటించుకుని, సాక్షాత్తూ సాలీడే కూర్చుని ఉంది. గుర్తు చూసి పోల్చుకోవలసిన శ్రమ కూడా లేకపోయింది. అందరూ చేతులు జోడించేలోపు అది గది దాటి, నడవ దాటి, వంటింటి గడప ఎక్కి, పొయ్యి వెనక గోడకి పాకింది.

"చూసిండ్రా! సీదా వంటింట్లకే వోయిండు" అన్నాడు ముసలయ్య.

ఆ మాటతో ఇల్లంతా గొల్లుమంది. పోయినాయన ఇంకెక్కడికి వెళ్తాడు మరి!

"అయ్యో, అది గంపలనే ఉండె. నేనే దులపకుండ తెచ్చిన" అని సుధామణి నెత్తీనోరూ కొట్టుకుంది.

అత్తగారు పార్వతమ్మ కళ్ళు తుడుచుకుని, "నీతోని తెప్పిచ్చుకున్నడు బిడ్డా" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో సాలీడు మీద చెయ్యి పడకూడదు. వానలు పట్టుకున్నాయి. ఒక్క మామయ్యతో ఆగలేదు. స్నానాలగది గోడ మీద ఒకటి, ఆరేసిన చీర మడతలో ఒకటి, బియ్యం డబ్బా మూత కింద ఒకటి. ఇవి గూళ్ళు కట్టే రకం కావు, గోడల వెంబడి పరుగెత్తి బొద్దింకల్ని పట్టి తినే రకం. తిని, కాళ్ళూ రెక్కలూ పొయ్యి గట్టు మీద పడేస్తాయి. పొద్దున్నే ఆ కాళ్ళు ఊడ్చుకుని, ఆ గట్టు మీదే టీ కాచుకోవాలి.

మొగుడు హరిప్రసాద్‌కి చెబితే, "జర సబర్ చెయ్యి, వానలు పోనీ" అంటాడు. తల్లి దగ్గర తల్లికి తల ఊపుతాడు, పెళ్ళాం దగ్గర పెళ్ళానికి తల ఊపుతాడు. కొట్లో గిరాకీలతో హిందీ, గోండీ, తెలుగు గడగడా మాట్లాడే మనిషికి ఇంట్లోకి వస్తే ఏ భాషలోనూ నోరు పెగలదు.

ఒకరోజు సుధామణి ఇక తాళలేక, గిన్నెలు తోమడానికి వచ్చే కోసే అనే పిల్లని సాయం పిలిచింది. అడవిలోని దొర్ల తెగది, నవ్వితే ఆపడం కష్టం. సాలీడు మీద స్టీలు గిన్నె మూసి, కిందనుంచి అట్ట దూర్చి, ఇద్దరూ కలిసి పట్టారు. "మీ మామకు ఊపిరాడుతదా అక్కా?" అని కోసే నవ్వుతూనే హైవే దాటి వెళ్ళి చెట్లల్లో వదిలి వచ్చింది. ఆ పూట సుధామణి పప్పు పోపు వేస్తూ పాట కూడా పాడుకుంది.

మధ్యాహ్నం పార్వతమ్మ కంచం ముందు కూర్చుని గోడ వంక చూసింది. ఆ గోడ చూసింది, ఈ గోడ చూసింది. కంచం పక్కకి జరిపేసింది. సాయంత్రమూ ముట్టలేదు. మర్నాడు పొద్దున చాయ్ కూడా వద్దంది.

హరిప్రసాద్ కొట్టు షట్టర్ సగం దించి, గోదాములోకి వెళ్ళి, బస్తాల మధ్య మోకాళ్ళ మీద పాకి, ప్లాస్టిక్ డబ్బాలో ఇంకో సాలీడుని పట్టుకొచ్చి గోడ మీద వదిలాడు. అది మునుపటిదాని కన్నా పెద్దది, పైగా ఒక కాలు లేదు. పార్వతమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఈయనే. కాలు ఏడ పోగొట్టుకున్నడో పాపం" అని వచ్చి అన్నం పెట్టమంది.

సుధామణి ఏడవలేక నవ్వింది. మొగుడు డబ్బా కడుక్కుంటూ, గండం గడిచినట్టు ఆవిడ వంక చూశాడు. ఆ చూపుకి ఇంకా మండింది.

శ్రావణం సగంలో ఉండగా ఆవిడకి ఒక ఆధారం దొరికింది. కుంటి సాలీడు పొట్ట కింద తెల్లటి బిళ్ళ ఒకటి పట్టుకుని కూర్చుంది. గుడ్ల సంచీ. సుధామణి గరిటె పట్టుకునే అత్తగారి దగ్గరికి పరుగెత్తింది.

"అత్తమ్మా, మామయ్య గుడ్లు పెట్టిండు. వచ్చి జూడుండ్రి!"

పార్వతమ్మ వచ్చి చూసింది. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూసింది.

"ఈమె ఎవరో వేరే. మీ మామయ్య అగో, కిటికీ మీద ఉన్నడు" అని ఇంకోదాన్ని చూపించి పార్వతమ్మ వెళ్ళిపోయింది.

ఆ గుడ్లు పిల్లలయ్యాయి. ఆవగింజల్లాంటి పిల్లలు గోడంతా పాకి, దారాలు పట్టుకుని కిందికి జారి, ఉడుకుతున్న పప్పులో పడ్డాయి. గిన్నెడు పప్పూ పెరట్లో పారబోసి వచ్చి సుధామణి గట్టు ముందు నిలబడింది. బతికుండగా ఆయన వంకలే పెట్టాడు, గిన్నెలోకైతే రాలేదు. ఈ వంటిల్లు తనది కాకపోతే ఈ ఇంట్లో తనది ఏది? అంత గట్టిగా, అంత సూటిగా ఆ ప్రశ్న ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

"ఇయ్యాల్ల అన్నిట్ని చంపుత. అత్తమ్మ పండుకున్నంక చంపుత. మీరు చెప్పినా ఇన" అంది మొగుడితో.

హరిప్రసాద్ తల గోక్కున్నాడు. "నాకు భోపాలపట్నంల పనున్నది. నాకేం తెల్వదు" అని బస్సెక్కి పోయాడు. ఆయన చేయగలిగిన సాయం అదే.

మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. సుధామణి కొట్లోంచి బొద్దింకల మందు డబ్బా ఒకటి తీసుకుని, కాలి చెప్పు ఒకటి చేతబట్టుకుని వంటింటి వైపు వచ్చింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆడగొంతే, కానీ ఎరిగిన గొంతులా లేదు. గట్టిగా, నిలదీస్తున్నట్టు ఉంది. సందులోంచి చూసింది.

పార్వతమ్మ గోడకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఒక్క దినం పోయొస్త అన్న. మా అమ్మకు పానం బాగలేదు, ఒక్క దినం అన్న. నువ్వేమన్నవు? ఇప్పపువ్వు మాల్ వచ్చే యాళ్ళ పోతవా, కాంటా దగ్గెర ఎవరు గూసుంటరు అన్నవు. గూసున్న. అడివోళ్ళు గంపలు తెస్తుంటె జోకుకుంట గూసున్న. సచ్చిపోయిందని కబురొస్తె, ఇంక పోయి ఏం జేస్తవ్ అన్నవు. ఏం జేస్తనా? మొకం జూస్త. మా అమ్మ మొకం జూస్త! ఆ మాట అప్పుడు నోట్లకు రాలె. ఇప్పుడు అంటున్న, ఇను."

గోడ మీద సాలీడు కాలు కదిపింది.

"యాడికి? ఆగు. నా మాట ఇంక గాలె. నేను మాట్లాడుతుంటె లేచిపోవుడు ఇంక నడ్వది."

సుధామణి చెప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మామగారు ఉన్నన్నాళ్ళూ ఈవిడ తలుపు చాటు నుంచే జవాబు చెప్పింది. ఆ జవాబైనా ఊఁ అనో, సరే అనో. సుధామణికి గుండె కలుక్కుమంది. మరుక్షణమే కోపం వచ్చింది. ఇప్పుడు తను జాలిపడితే ఇక ఈ గోడ ఖాళీ కాదు, ఆ సంగతి తెలుసు. తెలిసీ జాలి ఆగలేదు.

తలుపు కిర్రుమంది. పార్వతమ్మ తిరిగి చూసింది. చెప్పు చూసింది, మందు డబ్బా చూసింది. ఉలిక్కిపడలేదు.

"చంపనీకి వచ్చినవా?"

"ఔ" అంది సుధామణి. అబద్ధమాడే ఓపిక లేదు.

"అది గంపల నుంచే వచ్చిందని నాకెరుకే. నువ్వు బోర్లిస్తుంటె చూసిన."

"మరి ఇన్నొద్దుల సంది నన్ను ఎందుకిట్ల సతాయిస్తున్నరు అత్తమ్మా? మామయ్య గాదని మీకు ఎరుకైనప్పుడు?"

"అది మీ మామయ్యేనని అందరు నమ్మితెనే గదా నేను ఈడ గూసోని మాట్లాడేది. లేకుంటె ముసల్దానికి పిస లేసింది, గోడతోని మాట్లాడుతదంటరు. ఆయన ఒక్క దినమన్న ఇంత సేపు ఒక్క కాడ గూసోని నా మాట ఇన్నడా? ఇది ఇంటది."

"సాలెపురుగుకు చెవులుంటయా?"

"ఆయనకు మాత్రం ఉండెనా?"

సుధామణి గోడకి జారగిలబడింది. నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. రెండిట్లో దేన్నీ పూర్తిగా బయటికి రానివ్వలేదు. మందు డబ్బా గట్టు మీద పెట్టి, చెప్పు కాలికి వేసుకుంది.

"ఇంకెన్నొద్దులు అత్తమ్మా? మీరు చెప్పుడు ఎప్పటికైపోతది?"

పార్వతమ్మ నిజంగానే ఆలోచించింది. పెళ్ళినాటి నుంచి లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించి, పైకి చూసి, మళ్ళీ కిందికి చూసింది.

"ఇంక హరి పుట్టలేదు పిల్లా" అంది.

సాయంత్రం, చెవుల పక్క జుట్టు నెరిసిన హరిప్రసాద్ బస్సు దిగి భయం భయంగా పెరటి వైపు నుంచి వచ్చాడు. వెనక వరండాలో గ్యాస్ పొయ్యి, సిలిండరు, పోపుల డబ్బా చేరి ఉన్నాయి. సుధామణి స్టూలు ఎక్కి, జల్లు కొట్టకుండా బస్తాల మీద కప్పే టార్పాలిన్ కడుతోంది. లోపల వంటింటి తలుపు వేసి ఉంది.

"ఏంది, చంపినవా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు. మీరు పుట్టేదాక ఆగాల్నట" అంది సుధామణి తాడు పళ్ళతో బిగించి. "బిత్తర చూపులు చూడకుండ్రి. ఆ కొస పట్టుకోండ్రి."