మరమ్మ గొంతు

“ష్! ఆ కుళాయి కట్టెయ్. మరమ్మ మాట్లాడుతోంది!” హాల్లోంచి భర్త అరిచాడు.

ఆమె కుళాయి కట్టేసింది. చేతిలో సగం తోమిన గిన్నె, మోచేతుల దాకా నురగ. అలాగే నిలబడిపోయింది. టీవీలోంచి గొంతు వచ్చింది. “సరే. చేస్తాను. మీరు విశ్రాంతి తీసుకోండి.”

ఆ గొంతు ఆమెదే.

ఎక్కడి దేశానిదో సీరియల్ అది. భార్య పోయిన ఒక ఇంటాయన, ముగ్గురు పిల్లలు, వాళ్ళని చూసుకోవడానికి తెచ్చుకున్న మరమనిషి. చూడ్డానికి అచ్చం ఆడమనిషే, చర్మం కింద మాత్రం తీగలు. మన భాషలోకి మార్చినవాళ్ళు మరమనిషీ అమ్మా రెండూ కలిసొచ్చేలా దానికి మరమ్మ అని పేరు పెట్టారు. వారానికి మూడు సాయంత్రాలు వస్తుంది. ఆ వేళకి ఇంటిల్లిపాదీ హాల్లో ఉండాల్సిందే, ఆమె తప్ప. ఎవరో ఒకరు వంటింట్లో ఉండాలి కదా.

ఆమె పనిచేసేది ఒక డబ్బింగ్ స్టూడియోలో. స్టూడియో అంటే పెద్ద మాట. ఒక మేడ మీద రెండు గదులు, గోడల నిండా స్పాంజి, మధ్యలో అద్దం. ఊడ్చి, తుడిచి, పూటకి రెండుసార్లు టీ పెట్టి ఇవ్వడం ఆమె పని. అందరూ ‘టీ అక్క’ అంటారు. ఎనిమిది నెలల కింద ఒక రోజు, మరమ్మకి గొంతు ఇవ్వాల్సిన అమ్మాయి రాలేదు. డబ్బింగ్ ఇన్‌ఛార్జి మేడమ్ తల పట్టుకుని కూర్చుంది. “అక్కా, ఇంకో టీ పెట్టవా, చక్కెర తక్కువ” అంది. ఆమె “సరే మేడమ్” అంది. మేడమ్ తలెత్తింది.

“ఏదీ, ఇంకోసారి అను.”

ఏం తప్పు మాట్లాడానో అనుకుంది. “ఏది మేడమ్?”

“అదే, సరే అన్నావు చూడు. అందులో కోపం లేదు, సంతోషం లేదు, అసలేమీ లేదు. ఆర్టిస్టుల చేత ఇలా అనిపించాలంటే నా ప్రాణం పోతుంది. ఎలా వచ్చింది అక్కా నీకు?”

“పెళ్ళయి పదహారేళ్ళయింది మేడమ్” అంది ఆమె.

అద్దం అవతల రికార్డింగ్ చేసే కుర్రాడితో సహా అందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వించాలని అనలేదు.

అలా మైకు ముందుకొచ్చింది. టీ పనీ తుడిచే పనీ అలాగే ఉన్నాయి, ఇది వాటి మీద పడింది, అంతే. సీరియల్ చివర పేర్లు వేసేటప్పుడు మరమ్మ ఎదురుగా ఎవరి పేరూ వెయ్యలేదు. “మనిషి పేరు కనిపిస్తే యంత్రమన్న నమ్మకం పోతుంది అక్కా” అన్నారు. సరే అంది.

ఇంట్లో చెప్పలేదు. చెబుదామనే బయల్దేరుతుంది, మెట్లెక్కేలోగా భయం పట్టుకుంటుంది. గొంతు టీవీలో వస్తోందంటే ‘ఎవరు అడిగారు, ఎవరు పిలిచారు, ఎవరి పక్కన కూర్చున్నావు’ అంటారు. అత్తగారు ఆ మాట కింద వాటాలో చెబుతుంది, కింద వాటావాళ్ళు వీధి చివర దాకా చెబుతారు, రేపు పిల్ల స్కూల్లో ఎవడో ఒకడు వెక్కిరిస్తాడు, పిల్ల ఏడుస్తూ రోడ్డు దాటుతుంది, అటునుంచి బస్సు వస్తుంది... ఆమె ఆలోచన ఎక్కడ మొదలైనా ఎప్పుడూ ఆ బస్సు దగ్గరికే వచ్చి ఆగుతుంది. తెరిచి ఉన్న కిటికీ, తడిసిన మెట్టు, రెండు రోజులు తగ్గని దగ్గు, అన్నీ కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చినవాటిలాగే కనిపిస్తాయి ఆమెకి. కాబట్టి నోరు మూసుకుంది. ఎలాగూ వాళ్ళే పోల్చుకుంటారు, పట్టుబడిపోతాను అనుకుంటూ మొదటి నెలంతా మరమ్మ నోరు తెరిచినప్పుడల్లా వంటింట్లో బిగుసుకుపోయి నిలబడేది.

ఎవరూ పోల్చుకోలేదు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ మేడలోకి వెళ్ళినా, లిఫ్టు రెండంతస్తులు ఎక్కేలోపు చెవి ఒగ్గి విని, ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. వీధిలో పోయే మోటారు చప్పుడు విని అది ఎన్నేళ్ళ నాటిదో చెబుతాడు. చుట్టాలందరికీ అదొక వింత. అలాంటి మనిషి, మూడడుగుల దూరంలో, రోజుకి వందసార్లు వినే గొంతుని పోల్చలేదు. వినే గొంతు అంటే, అసలు వింటే కదా అనుకుంది ఆమె.

ఒక రోజు సీరియల్లో మరమ్మ చిన్నపిల్లని ఎత్తుకుని మెట్ల మీద జారింది. పిల్లకి దెబ్బ తగలకుండా తను కింద పడింది. చెయ్యి విరిగి తీగలు బయటికొచ్చాయి. “సరే. పరవాలేదు. ముందు భోజనం వడ్డిస్తాను” అంది. హాల్లో భర్త ముక్కు చీదాడు.

“పాపం, దానికీ ఒళ్ళు అలుస్తుంది కదా. యంత్రమని మరీ ఇలా వాడేస్తారా? మా లిఫ్టులకైనా నెలకోసారి నూనె పడుతుంది. ఈ మనుషులకి దయ లేదు.”

“ఎంత వినయం!” అంది అత్తగారు. “ఒక్క ఎదురుమాట లేదు. ఉన్నారు, ఎందుకూ, మన ఇళ్ళల్లోనూ...” అని ఆపి, “అమ్మాయ్, మంచినీళ్ళు” అంది.

అప్పటికే చేతిలో నీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది ఆమె. ఎడమ మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది. నిన్న బియ్యం డబ్బా దించబోయి బెణికింది. ఆ గుడ్డ గురించి ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజునుంచి ఆమె భయం దిక్కు మార్చుకుంది. పోల్చుకుంటారేమో అన్న భయం పోయింది, ఎప్పటికీ పోల్చుకోరేమో అన్నది పట్టుకుంది. ఒక ఉదయం కావాలనే, “చొక్కా ఇస్త్రీ అయిందా?” అని అడిగిన భర్తకి మరమ్మ మాటల్లోనే జవాబిచ్చింది. “ఇస్త్రీ పూర్తయింది. ఇంకేమైనా చెయ్యాలా?”

“ఏంటా వెటకారం? పొద్దున్నే ఎవరి మీద?” అన్నాడతను.

“టీవీ చూసి నేర్చుకోవలసింది మాటలు కాదమ్మాయ్, ఆ నెమ్మది” అంది అత్తగారు.

వంటింట్లోకి వెళ్ళి తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చి నవ్వు ఆగిపోయింది. రేపు తనకేమైనా అయితే? ముందుగానే రికార్డు చేసి పెట్టినవి ఉంటాయి కాబట్టి టీవీలో ఈ గొంతు వస్తూనే ఉంటుంది, వీళ్ళు వింటూనే ఉంటారు. సింకులో గిన్నెలు పేరుకుంటే తప్ప తను లేదన్న సంగతి వీళ్ళకి తెలీదు.

ఇంకో వారంలో సీరియల్ అయిపోతుందనగా, ఒక సాయంత్రం ఆమె లోపలి గదిలో బట్టలు మడతపెడుతోంది. హాల్లో భర్త కూతురితో ఏదో అంటున్నాడు. పిల్లకి పద్నాలుగేళ్ళు. చదరంగం బాగా ఆడుతుంది. స్కూలు మొత్తం మీద దాన్నొక్కదాన్నే పెద్ద పోటీకి ఎంచారు. ఆదివారం ఉదయం, ఊరి ఆ చివర.

“ఆదివారం మా సార్ వాళ్ళు ఇంటికి భోజనానికొస్తున్నారు. మీ అమ్మ ఒక్కతే ఎక్కడ చేసుకుంటుంది? ఈసారికి మానెయ్. వచ్చే ఏడు ఆడుకోవచ్చు, పోటీలు ఎక్కడికి పోతాయి?”

“సరే” అన్న మాట వినిపించింది. “మానేస్తాను.”

టీవీ పెట్టారా, ఇవాళ మరమ్మ వచ్చే రోజు కాదే అనుకుంది ఆమె. ఆ ‘సరే’లో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. తనదే. కానీ ఈ ముక్క ఎప్పుడు చెప్పానా అనుకుంటూ మడతపెట్టిన చొక్కాతో గుమ్మంలోకి వచ్చింది.

టీవీ ఆపేసి ఉంది. కూతురు కింద కూర్చుని చదరంగం పావుల్ని ఒక్కొక్కటే పెట్టెలో పెడుతోంది.

“చూశావా, నోరెత్తలేదు” అన్నాడు భర్త, మెచ్చుకుంటూ. “అచ్చం తల్లి పోలిక.”

పద్నాలుగేళ్ళుగా ఆమె భయపడని భయం లేదు. బస్సులకి భయపడింది, జ్వరాలకి భయపడింది, గ్యాసుకి, కుక్కలకి, నీళ్ళకి, తెలియని మనుషులకి భయపడింది. కిటికీలకి గడియలు పెట్టింది, మెట్లమీద తడి తుడిచింది. పిల్లని తీసుకుపోయేది బయటినుంచి వస్తుందనుకుంది. తన గొంతులోంచి వస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు.

గురువారం ఆఖరి భాగం రికార్డింగ్. శనివారం సాయంత్రం టీవీలో వేస్తారు, ఆఖరికొచ్చేసరికి పని పీకల మీదికి వచ్చింది. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడింది. తెరమీద కథ ఇది: ఇంట్లోంచి వెళ్ళిపోయిన మరమ్మ ఒక పాత సామాన్ల షెడ్డులో ఉంటుంది. ఇంటాయనా పిల్లలూ వెతుక్కుంటూ వస్తారు. “తప్పయిపోయింది. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఇంటికొచ్చెయ్ మరమ్మా” అంటారు. మరమ్మ చాలాసేపు వాళ్ళ వంక చూసి ఒక్క మాట అంటుంది. ఆమె చేతిలోని కాగితం మీద ఆ మాట ‘సరే’ అని ఉంది.

ఎప్పుడూ మాట దాకానే వేసే బొమ్మ ఈసారి ఇంకొంచెం నడిచింది. ఇంటాయన తల దించుకున్నాడు. పిల్లలు వెనక్కి తిరిగారు. వాళ్ళు వెళ్ళిపోయారు. మరమ్మ షెడ్డులోనే ఉంది.

“మాస్టారూ” అని పిలిచింది ఆమె. మూల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆ సీరియల్ మాటల్ని మన భాషలోకి రాసేది ఆయనే. “సరే అన్నది వాళ్ళతో వెళ్ళదేం?”

“ఆ ముక్క కోసేస్తారమ్మా. నువ్వు మాట చెప్పెయ్.”

“అసలు వాళ్ళ భాషలో ఏమంది?”

“ఏదైతేనేం లేమ్మా.”

“చెప్పండి మాస్టారూ.”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “రాను అంది.”

“ఇక్కడొక్కచోటేనా?”

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “మొదట్నుంచీ అంతేనమ్మా. విరిగిన చేత్తో వడ్డించమన్నప్పుడు కూడా వడ్డించను అంది. ఇంటాయన గదిలోకి రమ్మన్నప్పుడు కాదు అంది. కానీ ఇది అందరూ కూర్చుని చూసే వేళ కదా. పనిచేసే మనిషి కాదు, కూడదు అంటుంటే చానల్ వాళ్ళు ఒప్పుకోరు. అందుకని ‘సరే’ వేసుకుంటూ వచ్చాను. ఆ మాటలోనూ ఈ మాటలోనూ పెదాలు మూతపడవు, అందుకే చక్కగా అతుక్కుంది. ‘సరే’కి అడ్డుపడని బొమ్మ ఉంచారు, మిగతాది కోసేశారు.”

ఆమె తెరమీద ఆగి ఉన్న ఆ మొహం వంక చూసింది. ఎనిమిది నెలలుగా ఆ నోరు వద్దంటోంది. ప్రతిసారీ దానిమీద తన ‘సరే’ తెచ్చి అంటించింది. ఇంట్లో తన నోరు ఎవరో మూయించారని ఇన్నాళ్ళు కుమిలింది, ఇక్కడ ఇంకో ఆడదాని నోరు తనే మూయించింది. యంత్రమైతే మాత్రం.

ఎర్ర దీపం వెలిగింది. బొమ్మ కదిలింది. “ఇంటికొచ్చెయ్ మరమ్మా.”

“రాను” అంది ఆమె.

బొమ్మ ఆగింది. “అక్కా, కాగితం చూసుకో” అంది మేడమ్ అద్దం అవతలినుంచి.

“చూసుకున్నాను మేడమ్.”

మళ్ళీ దీపం. మళ్ళీ “రాను.” ఈ పని పోతుంది, ఇంకో పని దొరకదు, దొరకదు కాబట్టి ఇంట్లో... ఆలోచన బస్సు దాకా పరుగెత్తబోయింది. వెళ్ళనీ అనుకుంది.

మేడమ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. “ఏమైంది అక్కా నీకు?”

“అది రాను అంటోంది మేడమ్. నేను సరే అనలేను.”

మేడమ్ గోడ గడియారం వంక చూసింది. నాలుగింటికి చానల్‌కి పంపించాలి. ఆ గొంతు ఇంకెవరికీ లేదు. వెనక్కి వెళ్ళి, రికార్డు చేసింది ఒకసారి పెట్టించుకుని చూసింది.

“పెదాలకి సరిగ్గా అతికింది మేడమ్” అన్నాడు రికార్డింగ్ కుర్రాడు.

“ఉండనీ” అంది మేడమ్. “తరవాతి ముక్క కొయ్యకు. వాళ్ళు వెళ్ళిపోవడం కూడా ఉంచు. చానల్ వాళ్ళకి నేను చెప్పుకుంటాను” అంది.

శనివారం సాయంత్రం ఆమె పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారు వింతగా చూసింది, అంతలో సీరియల్ మొదలైంది. షెడ్డు వచ్చింది. ఇంటాయన బతిమాలాడు.

“రాను” అంది మరమ్మ.

భర్త సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. “అదేంటి! ఇన్నాళ్ళు ఇంట్లో మనిషిలా చూసుకుంటే ఆ మాటా?”

“ఎంత పొగరు! ఆ గొంతు చూడు, ఎంత తెగింపు!” అంది అత్తగారు.

“ఆ గొంతు నాది” అంది ఆమె.

భర్త నవ్వాడు. “నీదా? నువ్వక్కడ టీ ఇస్తావని తెలుసు, గొంతు కూడా ఇస్తావా?”

“మొదటి భాగం నుంచీ నాదే.”

“అయితే ఏదీ” అంది అత్తగారు, ముందుకు వంగి, “మరమ్మ ‘సరే’ అంటుంది చూడు, అలా అను. అప్పుడు నమ్ముతాం.”

“అవునవును” అన్నాడు భర్త, వినడానికి చెవి ఒగ్గుతూ, “ఒక్కసారి సరే అను. నేను ఇట్టే పట్టేస్తాను.”

ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది. పదహారేళ్ళుగా అక్కడే ఉంది. ఒక్కసారి అంటే చాలు, అతను ఉలిక్కిపడతాడు, ఆమెని మొదటిసారి చూసినట్టు చూస్తాడు. ఇన్నాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది ఆ చూపు కోసమే. కింద కూర్చున్న కూతురు తల తిప్పి, తల్లి నోటి వంకే చూస్తోంది.

“అనను” అంది ఆమె. “రేపు పొద్దున ఏడింటికి పిల్లా నేనూ పోటీకి వెళ్తున్నాం. మీ సార్ వాళ్ళకి వంట మీరు చూసుకోండి.”