మేకు మీద మిగిలిన బిళ్ళలు

పది కరోనా పరీక్ష కిట్లూ పదిన్నరకల్లా అయిపోయాయి. సున్నంబట్టి కాలనీ బడి వరండాలో ఇంకా ఇరవై మూడు మంది వరసలో నిలబడే ఉన్నారు. మే నెల ఎండకు రేకుల కప్పు పెనంలా కాలుతోంది. సంధ్యారాణి ఖాళీ డబ్బాలను లెక్కపెట్టి సంచిలో వేసుకుని వరస వైపు తిరిగింది. ఏం చెప్పబోతోందో అందరికీ తెలుసు. పరీక్ష చేసే టెక్నీషియన్ మూతికి రెండు మాస్కులు కట్టుకుని అటు తిరిగి కూర్చుంటాడు గనక, ఈ మాట చెప్పే పని ఎప్పుడూ ఆశా కార్యకర్త అయిన ఆమె మీదే పడుతుంది.

"ఇయ్యాల్టికి ఒడిసినయి. రేపు పొద్దుగాల ఆరుకే రండ్రి," అంది.

ఎవరూ కదల్లేదు. అందరికంటే ముందు తిరుమల ఉంది. ఆమె మొగుడు కిషన్ గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. బొగ్గు బెల్టు దగ్గర కాంట్రాక్టరు కింద పని అతనిది, రోజుకు నాలుగు వందల ఎనభై కూలి. మూడు రోజులుగా జ్వరం దిగడం లేదు.

"నిన్న గిదే జెప్పినవ్, మొన్న గిదే జెప్పినవ్ అక్కా," అంది తిరుమల. "జరమున్నదంటే కాంట్రాక్టరు పాజిటివ్ కాయితం తెమ్మంటడు. కాయితం లేకుంటే డ్యూటీకి రావాలె, లేదంటే పేరు కొట్టేస్తా అంటుండు. ఇరవై మందిని ఒక్క బండ్ల కుక్కి తీస్కపోతడు. ఈయన పోతే ఆ ఇరవై మందికి అంటియ్యడా?"

గనిలో పర్మినెంటు కార్మికులకు కంపెనీ దవాఖాన కార్డు ఉంది. కాంట్రాక్టు వాళ్ళకు ఉన్నదల్లా ఈ వరండా, రోజూ వచ్చే ఈ కిట్లు. బయట ప్రైవేటు ల్యాబులో అదే పరీక్షకు పదిహేను వందలు, అంటే కిషన్‌కు మూడు రోజుల కూలికి పైనే. కాగితం మీదికి ఎక్కని జ్వరం జ్వరమే కాదన్నమాట. ఈ న్యాయం ఎవడు కనిపెట్టాడో గానీ వాడికి ఒక్కసారైనా ఒళ్ళు కాలి ఉండదు అనుకుంది సంధ్యారాణి, లోపల మండుతూ.

పదకొండున్నరకు స్కూటరు మీద వామనరావు వచ్చాడు. మంథని మనిషి, ఆరోగ్య శాఖలో లెక్కలు చూసే ఉద్యోగి, ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. పట్టికలు కట్టడంలో, గీతలు గీయడంలో ఆఫీసులో అతని తర్వాతే ఎవరైనా. చెడ్డవాడేం కాదు. నిరుడు లాక్‌డౌన్‌లో సొంత డబ్బుతో ఈ కాలనీకే రెండు బస్తాల బియ్యం పంపాడు. కాకపోతే పైనుంచి ఫోను వచ్చిందంటే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే రకం.

"అమ్మా సంధ్యా, మంచి వార్త," అంటూ ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. దాని మీద ఎర్ర గీత ఎడమ నుంచి కుడికి చక్కగా జారుతోంది. "మొన్న పద్నాలుగు కేసులు, నిన్న ఏడు, ఇయ్యాల నాలుగు. ఎట్ల దిగుతున్నదో చూడు. పెద్దసారు నిన్న మీటింగుల మన కాలనీ పేరు తీసి మెచ్చుకున్నడు."

"దిగుడేంది సారూ? ఇంకా ఇరవై మూడు మంది ఆడ్నే నిలవడ్డరు."

వామనరావు అటు చూసీ చూడనట్టు చూసి, రెండో కాగితం ముందుకు జరిపాడు. అందులో ఇలా ఉంది: కేసులు తగ్గినందునా, ఇంటింటి సర్వేలో కొత్త జ్వరాలు కనబడనందునా ఈ కాలనీకి పరీక్షా శిబిరం అవసరం లేదని ధ్రువీకరించడమైనది. కింద ఆశా కార్యకర్త సంతకానికి చుక్కల గీత. రేపటి నుంచి శిబిరం బ్యాంకు ఉద్యోగుల కాలనీకి మారుతుంది.

"కొత్త జరాలు లేవని నేనెప్పుడు రాసిన సారూ?"

"అది అన్ని కాలనీలకు ఒక్కటే నమూనా అమ్మా. సర్వే నీది కాబట్టి నీ సంతకం కావాలె. నాలుగింటికి మళ్ళ వస్త. అందాక ఆలోచించుకో. ఆలోచించేటంత పెద్ద పనేం కాదనుకో."

స్కూటరు వెళ్ళిపోయింది. వరస మాత్రం అలాగే ఉంది.

సంధ్యారాణి ఇంటికి వచ్చేసరికి మామ బుచ్చన్న తన మేకుల చెక్క ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె భర్త ఉపేందర్ బసంత్‌నగర్ నుంచి సిమెంటు లారీ మీద పోయి పది రోజులైంది. ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. బుచ్చన్న ముప్పై రెండేళ్ళు గనిలో ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ అక్కడ ఇచ్చి, నెత్తి దీపం తీసుకుపోవాలి. బిళ్ళ మేకుకు వేలాడుతుంది. మనిషి పైకి వచ్చి దీపం అప్పజెప్పాకే బిళ్ళ అతని చేతికి వస్తుంది. షిఫ్టు దిగాక మేకు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం.

ఆ అలవాటు ముసలాయనను వదల్లేదు. ఈ చెక్కకు ఎనభై ఆరు మేకులు కొట్టాడు, కాలనీలో ఇంటికొకటి. నూనె డబ్బా రేకు కత్తిరించి బిళ్ళలు చేశాడు. రోజూ కోడలు సర్వే నుంచి రాగానే, "చెప్పు బిడ్డా," అని అడిగి జ్వరం వచ్చిన ప్రతి మనిషికీ ఆ ఇంటి మేకుకు ఒక బిళ్ళ తగిలిస్తాడు. ఆ మనిషి లేచి తిరిగితే తీసేస్తాడు. చచ్చిపోయినవాళ్ళ బిళ్ళలు మాత్రం తియ్యడు. ఎందుకని ఆమె ఒకసారి అడిగింది. "పైకి రాలే గదా," అన్నాడు.

ఇప్పుడు చెక్క మీద ముప్పై ఒక్క బిళ్ళలున్నాయి. అందులో అయిదు పోయినవాళ్ళవి. సర్కారు లెక్కలో ఈ కాలనీ చావు ఒక్కటే. మిగతా నలుగురినీ పరీక్ష కాకముందే మట్టి చేశారు గనక ఒకరిది గుండె అయింది, ఒకరిది షుగరు అయింది, ఇద్దరిది వట్టి ముసలితనం.

సంధ్యారాణి అంబలి గ్లాసు పక్కన పెట్టి నోటు పుస్తకం తెరిచింది. ఖాళీ డబ్బాలు లెక్కతో సహా తిరిగి ఇవ్వాలి గనక ఏ రోజు ఎన్ని కిట్లు వచ్చాయో రాసి పెట్టుకుంటుంది. మొన్న నలభై. నిన్న ఇరవై. ఇవాళ పది. వాటి పక్కనే వామనరావు అంకెలు రాసింది. పద్నాలుగు, ఏడు, నాలుగు. రాసి, ఒక్కో జతనూ వేలితో కలిపి చూసింది.

"మామా, నలభై మందిని జూస్తే పద్నాలుగు మందికి ఉన్నది. ఇరవై మందిని జూస్తే ఏడుగురికి. పది మందిని జూస్తే నలుగురికి. రోగమేడ తగ్గింది? తగ్గింది కిట్లు."

బుచ్చన్న దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "పది దీపాలే ఇచ్చి, లోపలికి పది మందే పోయిన్రని రాసుకున్నట్టున్నది."

"సంతకం పెట్టకుంటే నన్ను తీసేస్తరు."

నెలకు ఏడున్నర వేలు. అదీ మూడు నెలలకోసారి వస్తుంది. అయినా ఉపేందర్ లారీ ఆగిన రోజుల్లో ఇల్లు గడిచింది దాంతోనే.

"ఒకపారి షిఫ్టు దిగినంక ఒక బిళ్ళ మిగిలింది," అన్నాడు ముసలాయన. "లెక్క మూసెయ్యమని మేనేజరు మీదికొచ్చిండు. నేను మూయనన్న. మూడు గంటలు గని అంతా దేవులాడిన్రు. వాడేమో దీపం నెత్తిన వెట్టుకోనే కల్లు కంపౌండుకు పోయి పన్నడు. మేనేజరు నన్ను తిట్టని తిట్టు లేదు. పదిహేను రోజులు సస్పెండు జేసిండు."

"మరి?"

"మరేంది. తెల్లారి ఇంకో బిళ్ళ మిగిలినా నేను మూయకపోదును. వాడు కల్లుకే పోయిండని కూసున్న జాగల నాకెట్ల తెలుస్తది?"

సంధ్యారాణికి నవ్వొచ్చింది. లేచి చెక్క ఒక కొస పట్టుకుంది. "రెండో కొస పట్టు మామా," అంది.

నాలుగింటికి వామనరావు వచ్చేసరికి చెక్క బడి వరండాలో, అందరికీ కనబడేటట్టు కిటికీ చువ్వలకు కట్టి ఉంది. పొద్దుటి వరసలోని మనుషులు చాలామంది ఇళ్ళకు పోలేదు. ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు. బుచ్చన్న రేకు బిళ్ళల సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏందమ్మా ఇది?"

"మా లెక్క సారూ. ముప్పై ఒక్క బిళ్ళలున్నయి. ఇవి దిగకముందే క్యాంపు అక్కర లేదని నేను సంతకం పెట్ట."

"నేను గీసిన దాంట్లె తప్పేమున్నది? ఒక్క అంకె తప్పని చూపించు."

"అంకెలు తప్పని నేనంటలేను. మీ గీత కింద కిట్ల లెక్క గూడ రాయుండ్రి. నలభై, ఇరవై, పది. గంతే అడుగుతున్న."

వామనరావు గీత కాగితం తీశాడు. ఇరవై నాలుగేళ్ళుగా అంకెలతో బతికిన మనిషికి ఆ మూడు అంకెలు పక్కన పడితే ఆ గీత ఏమవుతుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. బహుశా పొద్దున గీసేటప్పుడే తెలుసు.

"నీ పని పోతదమ్మా," అన్నాడు మెల్లగా. అది బెదిరింపులా లేదు.

"పోనియ్యండ్రి. సర్వే నేను జేసిన. జరాలు లేవని నా చేతితోని రాయ."

అతని జేబులో ఫోను మోగడం మొదలైంది. తీసి చూసి, అలవాటుగా నిటారుగా నిలబడ్డాడు గానీ ఎత్తలేదు.

అప్పుడు తిరుమల వరసలోంచి ముందుకు వచ్చింది. మొగుణ్ణి పట్టుకుని పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషి, ఇప్పుడు తనే కిటికీ చువ్వ పట్టుకుని ఆగింది. "కాకా, నాకో బిళ్ళ ఇయ్యి," అంది బుచ్చన్నతో. "నిన్నటి సంది నాకూ ఒళ్ళు కాలుతున్నది. నేను గూడ పన్నంటే ఈయనను ఎవరు జూస్తరని చెప్పలే."

బుచ్చన్న సంచిలోంచి ఒక బిళ్ళ తీసి మెట్టు మీద పెట్టాడు. తిరుమల వంగి తీసుకుని, యాభై మూడో మేకుకు కిషన్ బిళ్ళ మీదే తగిలించింది. రేకు మీద రేకు తగిలి చిన్న చప్పుడైంది.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. సంధ్యారాణి సంతకం పెట్టని కాగితాన్ని వామనరావు ఫైలు మీద పెట్టి, దాని పైన పెన్ను ఉంచింది.

"ముప్పై రెండు సారూ," అంది.