దులిపిన కాగితాలు

ఆ కాలనీలో అందరూ ఆవిణ్ణి తూకాలావిడ అనేవారు. కూరగాయలు తూచే మనిషి కాదు, గాలిని తూచే మనిషి. బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంటు, దాని గోడ పక్కనే కాలనీ, కాలనీ చివర బడి, ఆ బడి డాబా మీద పావురాల గూడంత రేకు పెట్టె. పెట్టెలో తెల్లటి కాగితం ఒకటి పరిచి మోటారు వేస్తే అది రోజంతా ఆ కాగితంలోంచి గాలి లాగుతుంది. గాలి పోతుంది, దుమ్ము కాగితం మీద ఉండిపోతుంది. వేసేముందు కాగితం ఎంత బరువుందో, తీశాక ఎంత బరువుందో చూస్తే ఆ తేడాయే కాలనీ జనం ఆ రోజు పీల్చిన దుమ్ము. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే లెక్క. ప్లాంటు ల్యాబులో ఆ లెక్క చూసేది పందొమ్మిదేళ్లుగా ఆవిడొక్కతే.

పనిలో ఆవిడకి వంక పెట్టిన వాడు లేడు. తక్కెడ ఉన్న గదిలో ఫ్యాను వెయ్యనివ్వదు. పక్కన నిలబడి ఎవరైనా తుమ్మితే మర్యాదగా బయటికి పంపిస్తుంది, రెండోసారి తుమ్మితే ఆ మర్యాద కూడా ఉండదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచి తూస్తుంది. అంకె రాశాక కింద సంతకం పెట్టి, దాని కింద ఒక గీత కూడా కొడుతుంది. ఆ గీత ఎందుకో ఎవరూ అడగలేదు, అడిగితే ఏమనేదో మనకీ తెలియదు.

ఆ అంకెలు ఎప్పుడు చూసినా ఎనభై, ఎనభై అయిదు, డెబ్భై తొమ్మిది. వంద దాటితేనే చెడ్డగాలి అని రూలు. అంటే కాలనీ గాలి మంచిగాలి. ఆవిడ నమ్మింది. తన చేత్తో తూచిన దాన్ని తను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

చిక్కల్లా మొగుడితో వచ్చింది.

ఆయన బస్సు డ్రైవరు. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపి, ఊపిరి చాలక, రిటైరవడానికి ఏడాది ముందే పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఒకప్పుడు సిగరెట్లు కాల్చేవాడు, అబద్ధమెందుకు. పన్నెండేళ్ల కిందట డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి మొహం చిట్లించిన రోజున జేబులో పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు. అంతే, మళ్లీ ముట్టలేదు. కానీ దగ్గు మాత్రం మానలేదు. ఏడాదికేడాది పెరిగింది. నాలుగు మెట్లెక్కితే రెయిలింగు పట్టుకుని నిలబడిపోయేవాడు.

"దొంగచాటుగా తాగుతున్నారు," అని తేల్చేసింది తూకాలావిడ.

"తాగట్లేదే. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టు పెట్టి నన్నెందుకు చంపుతారు? గాలి బావుంది. నేను తూచాను. మరి ఆ దగ్గు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?"

ఇంక చూడండి ఆవిడ సోదాలు! చొక్కాలు వాసన చూసేది. ప్యాంటు జేబులు బోర్లించేది. బాత్రూము అటక మీద స్టూలేసుకుని మరీ వెతికేది. టీ కొట్టువాణ్ణి నిలదీస్తే వాడు బిక్కచచ్చిపోయి, "అమ్మా, ఆయన నా దగ్గర టీ తప్ప ఏం తీసుకోడు," అన్నాడు. "నువ్వూ ఆయనా తోడుదొంగలు," అని వచ్చేసింది. కట్టుకున్నవాడి మాట కంటే తక్కెడ ముల్లు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్న మనిషితో ఎవరు వేగగలరు? ఆయన వేగాడు. కొన్నాళ్లు వాదించాడు, కొన్నాళ్లు నవ్వేశాడు, తర్వాత నోరు మూసుకున్నాడు.

ప్లాంటు ఆసుపత్రి వాళ్లు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లు ఇస్తారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టంతో ముక్కుకి అందించే మిషను. దానికి రెండే షరతులు. ఉండే చోట దుమ్ము వంద దాటి ఉండాలి, జబ్బు సొంత అలవాటు వల్ల వచ్చింది కాకూడదు. డ్రైవరు రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ తిరిగొచ్చింది. 'దుమ్ము పరిమితి లోపే ఉన్నది' అని కాగితం మీద రాసి ఉంది. ఆ అంకె పక్కన ఎవరి సంతకం ఉందో, దాని కింద గీత ఎవరు కొట్టారో ఆవిడకి చెప్పక్కర్లేదు. "చూశారా," అంది ఆయనతో. అంతకు మించి ఏం అనలేదు, అదొక్కటే దయ.

అలా ఉండగా ల్యాబుకి ఒక కొత్తమ్మాయి వచ్చింది. అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన ఇంజనీరు. కాగితాల పనంతా తూకాలావిడ దగ్గరే నేర్చుకోమన్నారు. ఒక పొద్దున తూకాలావిడ డాబా మీంచి వచ్చిన కాగితాన్ని కవరులోంచి తీసింది. తెల్లగా వెళ్లిన కాగితం బూడిదరంగులో తిరిగొచ్చింది. దాన్ని బల్ల మీద పరిచి, సొరుగులోంచి మెత్తటి బ్రష్షు తీసి, ఇటు నాలుగుసార్లు అటు నాలుగుసార్లు శుభ్రంగా దులిపింది. దులిపిన దుమ్ముని తడిగుడ్డతో తుడిచి బుట్టలో వేసింది.

"ఏంటి మేడమ్ అది?" అంది కొత్తమ్మాయి.

"బ్రష్షు."

"బ్రష్షని తెలుస్తోంది. ఎందుకని?"

"కాగితం నీటుగా లేకుండా తక్కెడ మీద ఎలా పెడతామమ్మా? తక్కెడ పాడైపోదూ?"

కొత్తమ్మాయి ముందు నవ్వింది, జోకేమో అనుకుంది పాపం. తర్వాత నవ్వు ఆగిపోయింది. బుట్ట వైపు చూసింది, కాగితం వైపు చూసింది.

"మేడమ్, మనం తూచాల్సింది ఆ దుమ్మునే కదా."

తూకాలావిడ చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది.

మొదట్లో ఉన్న పెద్దసారు ఒకాయన, చాలాకాలం కిందటే పోయాడు, చేరిన కొత్తల్లో ఆవిడ పక్కన నిలబడి ఒక కాగితం మీద అంటుకున్న దోమని చూపించాడు. "ఇలాంటి పురుగూ పుట్రా ఉంటే తీసేసి తూచమ్మా. కాగితం నీటుగా ఉండాలి," అన్నాడు. పట్టకారుతో దోమని తియ్యమని ఆయన చెప్పిన మాట. కాగితం నీటుగా ఉండాలని ఆవిడ విన్న మాట. ఇల్లు రోజుకి మూడుసార్లు ఊడ్చే మనిషికి నీటు అంటే ఏం తోస్తుందో అదే తోచింది. మర్నాడే బజారుకెళ్లి సొంత డబ్బుతో బ్రష్షు కొనుక్కొచ్చింది. కాగితంలోకి ఇంకిపోయిన దుమ్ము మిగిలింది, పైన పేరుకున్నది బుట్టలోకి పోయింది. పందొమ్మిదేళ్లు.

తర్వాతి మూడు కాగితాలు దులపకుండా తూచారు. నూట నలభై ఒకటి. నూట యాభై ఆరు. నూట ముప్ఫయ్యెనిమిది. మూడూ ఆవిడే తూచింది. మూడు అంకెలూ రాసింది, సంతకాలు పెట్టింది, గీతలు కొట్టింది. కళ్లలో నీళ్లు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి, తిన్నదో లేదో గుర్తులేక మళ్లీ మూత తీసి చూసుకుంది. తినేసింది.

సాయంత్రం ఇప్పటి పెద్దసారు గదికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు.

"మీకు తెలుసా సార్?"

"మీ చెయ్యి శుభ్రమైన చెయ్యి అని మాత్రం తెలుసు," అన్నాడు. "ఒక్కసారిగా అంకె పెరిగితే అందరూ ఎందుకని అడుగుతారు. ఈ నెల కొంచెం తక్కువ దులపండి. వచ్చే నెల ఇంకొంచెం తక్కువ. నెమ్మదిగా సర్దుకుంటుంది. రెండేళ్లలో రిటైరవుతున్నారు, మీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. ఎంత చక్కటి సలహా! పోనీ తిట్టినా బావుండేది.

ఇంటికి వెళ్లేసరికి డ్రైవరు కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడింది.

"మీరు నిజంగానే తాగలేదా?"

"పన్నెండేళ్లుగా అదేగా మొత్తుకుంటున్నాను."

"నేను కాగితాలు దులిపానండీ," అంది. అంతా చెప్పింది. అటక మీద వెతికిన సంగతీ, టీ కొట్టువాడి సంగతీ కూడా, ఆయనకి తెలియనట్టు మళ్లీ చెప్పింది. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి పావుగంట పట్టింది.

"నీ శుభ్రం చల్లగుండ," అన్నాడు చివరికి.

"రేపు పై ఆఫీసుకి ఉత్తరం రాసిచ్చేస్తాను. మూడోసారి దరఖాస్తు పెడదాం. ఈసారి మిషను ఇచ్చి తీరాలి."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఊపిరి అందక చెయ్యి ఊపి ఊరుకున్నాడు. వద్దంటున్నాడని ఆవిడ అనుకుంది, తన ఉద్యోగం గురించి బెంగ పడుతున్నాడని అనుకుంది.

ఉత్తరం పెద్దదేం కాదు. 'పందొమ్మిది సంవత్సరాలుగా నేను కాగితాలు దులిపి తూచాను. అంకెలన్నీ తక్కువ. తప్పు నాది.' కొత్తమ్మాయి ఆ మూడు కాగితాలూ జతచేసి, తన సంతకం కూడా పెట్టింది. వారం తిరక్కుండా తూకాలావిణ్ణి స్టోర్సుకి మార్చేశారు. అక్కడ వచ్చే బోల్టుల పెట్టెలు లెక్కపెట్టాలి. కాలనీలో కొందరు ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టారు, కొందరు కనబడితే మొహం తిప్పుకున్నారు. ఎదురింటి టైలరు వాకిట్లో నిలబెట్టి కడిగేశాడు. "మా అమ్మ అయిదేళ్లుగా రొప్పుతోంది. మీరేమో అక్కడ కూర్చుని దులుపుతున్నారు!" అన్నాడు. ఆవిడ విన్నది. ఏ మాటా తగల్లేదు, అన్ని మాటలూ ఎక్కడో పక్కింటి వాళ్ల మీద పడుతున్నట్టు ఉంది. అతను అలిసిపోయేదాకా నిలబడి, "అవును బాబూ," అని లోపలికి వచ్చింది.

మిషన్లు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ ఆసుపత్రి మీటింగు హాల్లో కూర్చుంది. పన్నెండు దరఖాస్తులు. తల నెరిసిన డాక్టరు ఒక్కొక్క ఫైలే తీసి, దుమ్ము అంకె చదివి, "దాటింది," అని, జబ్బు కాగితం చదివి, సంతకం పెట్టి పక్కన పెడుతున్నాడు. టైలరు వాళ్లమ్మకి వచ్చింది. మొత్తం పదకొండు మందికి వచ్చింది. ఆఖరిది డ్రైవరు ఫైలు.

డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "దుమ్ము దాటింది. బాబాయ్, కిందటిసారి ఫారం మీద పొగతాగే అలవాటు అన్న చోట 'ఉంది' అని రాశారు. ఈ చేతిరాత మీదేనా?"

డ్రైవరు తల వంచుకుని, అవునన్నట్టు ఆడించాడు.

"ఆయన మానేసి పన్నెండేళ్లయింది డాక్టరుగారూ!" అంది తూకాలావిడ లేచి నిలబడి.

"పోయినేడాది ఇక్కడికొచ్చి, చాటుగా తాగుతున్నాడు కాస్త బుద్ధి చెప్పండి అని మీరే కదమ్మా అన్నారు? అదీ రాసుంది." గొంతులో కోపం లేదు, పైగా జాలే ఉంది. "ఆయన చెప్పిందీ అదే, మీరు చెప్పిందీ అదే. నేను ఏం పట్టుకుని సంతకం పెట్టను?"

బయటికి వచ్చారు. ఆసుపత్రి గేటు దగ్గర్నుంచి బస్టాపుకి నూరడుగులు. పది అడుగులకోసారి ఆయన ఆగేవాడు, ఆవిడా ఆగేది. మూడోసారి ఆగినప్పుడు అడిగింది.

"ఉందని ఎందుకు రాశారు?"

"ఫారాలు తీసుకునే గుమాస్తా అడిగాడే. లెక్కలో దుమ్ము లేదు, మీరేమో పొగ తాగనంటున్నారు, మరి మీ ఆవిడ తూకం తప్పంటారా అని. హాలు నిండా జనం. అంతమందిలో నీ తూకం తప్పని ఎలా అనమంటావు?"

బస్సు వచ్చింది. తెలిసిన డ్రైవరే, దిగి వచ్చి ఆయన్ని చెయ్యి పట్టి ఎక్కించాడు.

మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చన్నారు, ఆర్నెల్ల తర్వాత. నాలుగు రోజులకి ఆసుపత్రి వాళ్ల వ్యాను కాలనీలోకి వచ్చి ఒక్కొక్క ఇంటిముందే ఆగింది. ఎదురింటి వాళ్లకి మిషను దింపి, ఎలా వెయ్యాలో టైలరుకి చూపించి వెళ్లారు. కిటికీలోంచి సన్నగా ఝుమ్మని చప్పుడు రావడం మొదలైంది. తూకాలావిడ కిటికీ మూయబోయింది.

"ఉండనీ," అన్నాడు డ్రైవరు, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి. ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకుని, "మంచి మిషనే ఇచ్చారే. చప్పుడు తక్కువ," అన్నాడు.