అరుగు కింది మెట్టు

పాపాఘ్నికి వరదొచ్చి కమలాపురం వంతెన కూలిన ఏడు అది. కడపకు పోయే బస్సులు చుట్టు తిరిగి పోతున్న రోజులు. ఎర్రగుంట్ల పక్క పల్లెలో కృపమణి ఆ సాయంత్రం మొగుడికి స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, ఉతికిన చొక్కా తొడిగింది. చేతులు రెండూ దూరాయి. మెడ దగ్గర బొత్తాం పెట్టబోతే ఏసురాజు ఆమె చేతి వైపు చూశాడు. ఆ చెయ్యి ఎవరిదో తెలియలేదు.

"గొంతు పిసుకుతావే దొంగముండా!" అంటూ పక్కనున్న చెంబు తీసి కొట్టాడు. కంటి కింద ఎముక మీద తగిలింది.

కృపమణి చెయ్యి అందనంత దూరం జరిగి, తల వంచుకుని నిలబడింది. కడపలో డాక్టరమ్మ చెప్పిందీ అదే. మతిమరుపు ముదిరినాక ఇట్లాగే కొడతారు, ఎదురు మాట్లాడొద్దు, వెనకనుంచి పోయి ముట్టుకోవద్దు, బరువైనవి చేతికి దొరకనియ్యొద్దు, కోపం దేనికొస్తుందో కనిపెట్టి అది జరగకుండా చూసుకో అంది. అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుందమ్మా అని కూడా అంది. కృపమణి తలూపి వచ్చేసింది. కొత్తగా అలవాటు కావడానికేముంది? కాపరానికొచ్చిన ఏడే అలవాటయ్యాయి అవన్నీ. సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తి వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టి, నీళ్లు ముందు పెట్టాలో కూడు ముందు పెట్టాలో తెలుసుకునేది. రోకలి మంచం కిందికి తోసేది. అప్పుడు దాన్ని ఎవరూ జబ్బనలేదు. "మావానికి కోపం ముక్కు మీదుంటాది, నువ్వే సర్దుకోవాల" అనేది అత్త. ఇప్పటి దెబ్బ జబ్బుది, అప్పటి దెబ్బ మనిషిది అని విడదీసి చెబుతున్నారు. ఒంటికి ఆ తేడా తెలియడం లేదు.

పత్తికొండ టమోటా మండీలో పనిచేసే కొడుకు జయపాల్ ఫోన్ చేశాడు.

"మా, నాయన మాత్ర మింగినాడా?"

"చెంబుతో కొట్టినాడురా. నాతో కాదు. కొన్నాళ్లు నీ దగ్గర పెట్టుకో నాయనా."

"అది నాయన కాదుమా, జబ్బు. మనసులో పెట్టుకోవాకు. ఈడికొస్తే పిల్లోళ్లు జడుసుకుంటారు."

"నేను జడుసుకోనా?"

"నీకు అలవాటే గదమా," అన్నాడు కొడుకు. మంచిమాట చెప్పినట్టే అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, తడిగుడ్డ చెంపకు అదుముకుని వీధిలోకి వచ్చి అరుగు కింది మెట్టు మీద కూలబడింది. కూర్చున్నాక గానీ ఎక్కడ కూర్చుందో గమనించలేదు.

ఏసురాజు చాన్నాళ్లు చర్చిలో సంఘ పెద్ద. ఆ పల్లెలో మొగుడు కొట్టిన ఆడది స్టేషనుకు పోయేది కాదు, ఈ ఇంటికొచ్చేది. ఆయన తెల్లచొక్కాతో నాపరాతి అరుగు మీద, ఆమె కింది మెట్టు మీద. "ఎవురు కొట్టినారమ్మా?" అని మెల్లగా అడిగేవాడు. ఆ వెంటనే "నువ్వేం జేసినావు?" అనేవాడు. మరుసటి పొద్దున మొగుణ్ని పిలిపించి చీవాట్లు పెట్టేవాడు. కొందరు దారికొచ్చారు కూడా. ప్రేమజ్యోతి అనే కొత్త కోడలు పగిలిన పెదవితో వచ్చిన రోజు ఆ పిల్లకు నీళ్లందించింది కృపమణే. అందిస్తూ, తన చెంప మీదికి కొంగు లాక్కుంది. ఊళ్లో ఆడవాళ్లందరికీ పోవడానికి ఈ అరుగుంది. ఈ ఇంటామె ఏ అరుగు దగ్గరికి పోవాలి?

గోడ పట్టుకుని ఏసురాజు బయటికొచ్చాడు. అలవాటు చొప్పున అరుగు మీద కూర్చుని, వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"ఎవురు కొట్టినారమ్మా?"

అత్త అడగలేదు ఈ మాట. డాక్టరమ్మ అడగలేదు. కడుపున పుట్టినవాడూ అడగలేదు.

"మా ఇంటాయన."

"పేరేంది?"

రేషన్ అంగడిలో కూడా ఆ పేరు పక్కవాళ్లతో చెప్పించేది ఆమె.

"ఏసురాజు," అంది. నోరు కొత్తగా అనిపించింది.

"యా ఏసురాజు? మన సంఘంలో శానామంది ఉండారు."

"మూటలెత్తే ఏసురాజు."

ఆయన ఆలోచించాడు. అందలేదు. "నువ్వేం జేసినావు వాన్ని?"

వస్తుందని తెలిసిన ప్రశ్నే.

"చొక్కాకు బొత్తాం పెట్టబోయినా."

ఆయన చెయ్యి, మెడ దగ్గర పెట్టకుండా వదిలేసిన బొత్తాం మీదికి పోయి అక్కడే ఆగింది.

"దానికి కొడతాడా? మనిషేనా వాడు? రేప్పొద్దున పిలిపిస్తా, ఈడ నిలబెట్టి అడుగుతా. నువ్వు ఈ పొద్దు ఆ ఇంటికి పోవాకు తల్లీ, మళ్లా కొడతాడు. మా ఇంట్లోనే పండుకో. లోపల మా ఆడమనిషి ఉండాది, కూడు పెడుతాది."

కృపమణి లోపలికి పోయింది. ఆడమనిషి కూడు పెట్టింది. వచ్చినామె తిన్నది. రెండు చేతులూ తనవే.

పొద్దునకు మరిచిపోతాడనుకుంది. ఏసురాజు లేస్తూనే తెల్లచొక్కా అడిగాడు. కృపమణి దూరంగా నిలబడి మంచం మీదికి వేస్తే తానే తొడుక్కున్నాడు, బొత్తాలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకుని. కర్ర తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"రాలేదా వాడు?"

"రాలేదు."

"వస్తాడు. కూచ్చోమ్మా."

లోపల ఫోన్ మోగింది. జయపాలే. పొయ్యి మీద పాలున్నాయి, ఆయన మాత్ర మింగలేదు, ఎండ అరుగు మీదికి పాకుతోంది. లోపలికి పిలిస్తే కర్ర లేస్తుంది, పిలవకపోతే ఎండదెబ్బ తగులుతుంది. రెండూ ఆమెకు తెలుసు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. కృపమణి పాలు దించి వచ్చి, చెంప మీది కొంగు తీసేసి, వీధి చూస్తుండగానే కింది మెట్టు మీద కూర్చుంది.

కర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, వాడొచ్చేదాకా కదలనని, ఏసురాజు ఏసురాజు కోసం ఎదురుచూస్తూ ఎండలోనే కూర్చున్నాడు.