మోకాలి లాకు

పురానాపూల్ దగ్గరి పాత ఇనుప గోదాములో ఆ రోజు రెండు మిల్లింగ్ మిషన్లు ఉన్నాయి. ఒకటి పోత ఇనుముది, బర్రెంత ఒళ్లు. రెండోది బల్ల మీద పెట్టుకునేంత చిన్నది: ఒక గుండ్రటి కంబం, కంబం మీద పైకీ కిందికీ జరిగే తలకాయ, అందులో గిర్రున తిరిగి ఇనుములో గాడి తొలిచే కట్టర్. ప్రేమ్‌రాజ్ మనసు పెద్దదాని మీదే ఉంది. చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు. కానీ శాలిబండలో వాళ్లుండే సందులో రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పెద్దది గుమ్మం దాటదు, ఇంటి కరెంటుతో నడవదు.

“చిన్నది చాలు. మన పనికి గిదే మస్తు,” అన్నాడు భార్యతో.

సుజన సరేనంది. మన పని అంటే ఆమె తమ్ముడు సీమోను పనే. పోలియో వచ్చి ఎండిపోయిన ఎడమ కాలికి సీమోను చిన్నప్పటి నుంచీ క్యాలిపర్ కట్టుకుంటాడు, తొడ దాకా ఇనుప కమ్మీలూ తోలు పట్టీలూ ఉన్నది. కాలు చాపగానే మోకాలి దగ్గర ఒక చిన్న ఇనుప నాలుక గాడిలో పడుతుంది, ఇక కాలు మడతపడదు. ఆ బలంతోనే అతను వాళ్లింటి మీది గదిలోంచి రాతి మెట్లు దిగి, బస్సెక్కి, నయాపూల్‌లో తను కూర్చునే ఎస్‌టీడీ బూతుకు పోతాడు. ఆ లాకు అరిగిపోయింది. కొత్త క్యాలిపర్ వేసుకుంటే తొడ ఒరుసుకుపోయి పుండైంది. “పాతదానికే లాకు చేస్త,” అన్నాడు ప్రేమ్‌రాజ్. ఫ్యాక్టరీలో ఫిట్టర్ అతను. ఆకురాయితో రాకి రాకి చూశాడు, కుదరలేదు. అప్పుడే మిషన్ ఆలోచన వచ్చింది.

చేశాడు. ముందుగదిలో మిషన్ పెట్టి, ఆదివారాలన్నీ దానికే పోసి, మెరిసిపోయే లాకు చేసి బామ్మర్ది కాలికి బిగించాడు. గదిలో అటూ ఇటూ నడిచి చూసి సీమోను మురిసిపోయాడు కూడా.

మర్నాడు పొద్దున సుజన కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్ కుడుతుంటే మెట్ల మీద చప్పుడైంది. బయటికి ఉరికేసరికి సీమోను కింది మెట్టు దగ్గర పడి ఉన్నాడు. నుదురు పగిలింది. కుడి మణికట్టు వంకరపోయింది. మోకాలు మాత్రం, ఎన్నడూ మడతపడకూడని మోకాలు, ఒంటి కింద మడతపడి ఉంది.

చేతికి కట్టు వేయించుకుని వచ్చాక సీమోను బావతో మాట మానేశాడు. తిట్టలేదు, లొల్లి చేయలేదు. కిందికి రావాలంటే పిల్లాడిలా పిర్రల మీద ఒక్కో మెట్టూ జారుతూ వచ్చేవాడు. ముప్పై దాటిన తమ్ముడు అట్లా దిగుతుంటే సుజన తల పక్కకు తిప్పుకునేది. అన్నం పళ్లెం ప్రేమ్‌రాజ్ తెస్తే ముట్టడు, ఆమె తేవాలి.

“గా మిషన్ అమ్మేయ్,” అంది ఒకనాడు భర్తతో.

ప్రేమ్‌రాజ్ నాలుగు రోజులుగా మిషన్ ముందు వంగి ఏదో చూస్తున్నాడు. చివరికి, “జర ఇటు రా,” అని పిలిచాడు.

కట్టర్ స్థానంలో ఒక సూది బిగించి ఉంది. కింద రేకు మీద సన్నటి గీత. సూది మొన సరిగ్గా గీత మీద ఉంది. అతను తలకాయను కంబం మీద పైకెత్తి, మళ్లీ దించాడు. సూది గీత పక్కన దిగింది. వెంట్రుక మందం తేడా.

“కంబం గుండ్రం కదా, ఎత్తినప్పుడల్లా తలకాయ జర తిరుగుతున్నది. నేను ముందు బెజ్జం పెట్టిన, తర్వాత తలకాయ ఎత్తి కట్టర్ మార్చిన. గాడి వంకర పోయింది. చదునుల నిలబడ్డది, మెట్ల మీద బరువు పడంగనే నాలుక జారింది.”

“గిది కొనేటప్పుడు తెల్వదా?”

“సందు కొలిచిన, గుమ్మం కొలిచిన. గిదొక్కటి చూడలే.” అతను సూది ఊడదీశాడు. “వాని తల పగిలేదాక చూడలే.”

సుజనకు కోపం పోలేదు. కానీ ఆ తర్వాత అమ్మెయ్యమని అనలేదు.

ఫ్యాక్టరీలో తోటివాడు మైసయ్యతో ఒక ఇనుప పట్టాను నున్నగా, తిన్నగా సాన పట్టించుకొచ్చాడు ప్రేమ్‌రాజ్. దాన్ని కంబానికి సమంగా వెనక నిలబెట్టి బోల్టులు వేశాడు. తలకాయ ఇప్పుడు ఆ పట్టాను ఆనుకునే ఎక్కాలి, దిగాలి. పక్కకు తిరగడానికి వీల్లేదు. మిషన్ అదరకుండా కింద మందపాటి షాబాదు బండ వేసి దానికి బిగించాడు. మళ్లీ సూది పరీక్ష. ఎత్తాడు, దించాడు. గీత మీదే. సుజన తను కూడా ఎత్తి దించి చూసింది. గీత మీదే.

గాడి కోసే రోజు ఆమెను గోడ స్విచ్ దగ్గర నిలబెట్టాడు. “నేను చెయ్యెత్తంగనే బంద్ చెయ్యి.”

కట్టర్ ఇనుమును తాకింది. నూనె పొగ లేచింది. సుజన కళ్లు అతని వేళ్ల మీదే ఉన్నాయి, కట్టర్‌కు అవి బెత్తెడు దూరంలో ఉన్నాయి. చప్పుడు ఒకే తీరుగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి గరగరమంది. అతను చెయ్యెత్తలేదు. ఆమె స్విచ్ కొట్టేసింది.

“నేను చెప్పలేగా,” అన్నాడు చిరాగ్గా. అంటూనే ముక్కను ముట్టుకుని చూశాడు. అది బిగించిన పట్టులోంచి వదులై కదులుతోంది. ఇంకొంచెం ఉంటే ఎగిరి ఎవరి ముఖానికో తగిలేది. ఆ ముక్క పారేసి, పట్టు బాగుచేసి, కొత్త ముక్కతో మళ్లీ మొదలుపెట్టారు.

లాకు తయారయ్యాక అతను దాన్ని సీమోను దగ్గరికి తీసుకుపోలేదు. క్యాలిపర్‌కు బిగించి, వాకిట్లో రెండు మొద్దుల మీద అడ్డంగా పెట్టి, మోకాలి దగ్గర నిండు గ్యాస్ సిలిండర్ వేలాడదీశాడు. సిలిండర్‌ను ఊపాడు. తన్నాడు. పైనుంచి దానిమీద తన బరువంతా మోపి కుదిపాడు. చెమటలు కారుతున్నా ఆపలేదు. సుజన తలెత్తి చూస్తే సీమోను మేడ పిట్టగోడ పట్టుకుని చూస్తున్నాడు.

మధ్యాహ్నం దాటాక సీమోను మెట్ల మీద జారుతూ కిందికొచ్చాడు.

“కట్టు, అక్కా.”

ఆమె క్యాలిపర్ పట్టీలు బిగించింది. సీమోను లేచి, కాలు చాపాడు. నాలుక గాడిలో పడింది. గోడ పట్టుకుని మెట్లన్నీ ఎక్కి పైన వెనక్కి తిరిగాడు. కింది మెట్టు దగ్గర ప్రేమ్‌రాజ్ రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

“ఆయనను పక్కకు జరగమను,” అన్నాడు సీమోను అక్కతో.

ప్రేమ్‌రాజ్ జరిగాడు. జరిగి గోడకు ఆనుకున్నాడు. సీమోను మొదటి మెట్టు దిగాడు. ఎడమ కాలి మీద బరువు వేసే ముందు ఆగాడు. వేశాడు. కాలు నిలిచింది. ఇంకో మెట్టు. నడిమధ్యన, ఆ రోజు మోకాలు మడతపడిన చోట, గోడ మీది చెయ్యి తీసేసి నిలబడ్డాడు, కావాలనే, ఒంటి బరువంతా ఆ కాలి మీదే పెట్టి. తర్వాత మిగిలిన మెట్లు దిగి వాకిట్లోకి వచ్చాడు.

సీమోను మెట్టు మీద కూర్చుని లాకు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

“బావా,” అన్నాడు. “స్ప్రింగ్ మస్తు గట్టిగున్నది. తీస్తే వేలు నొస్తున్నది.”

ప్రేమ్‌రాజ్ గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు.

“ఇప్పి ఇయ్యి. మెత్తది ఏస్త.”

“రేపు బూతుకు పోవాలె.”

“పొద్దుగూకే లోపల అయితది,” అని ప్రేమ్‌రాజ్ వచ్చి అతని కాలి ముందు కింద కూర్చున్నాడు. సుజన అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టింది.