గడ్డంలో అంజీర్ గింజ

పాల్వంచలో సంగీత అద్దెకు దిగిన ఇల్లు టైలర్ అబ్దుల్ సత్తార్‌ది. ముందు గదుల్లో ఆయన ఒక్కడే ఉంటాడు. భార్య బేగం చనిపోయి రెండేళ్లయింది. వెనక గదీ వంటిల్లూ ఖాళీగా పడి ఉండటం చూడలేక ఈ మధ్యే మొదటిసారి కిరాయికిచ్చాడు. బేగం పెంచిన అంజీర్ చెట్టు వంటింటి కిటికీ మీదికి వాలి ఉంటుంది.

సంగీతది అడవి అంచున ఒక తండా. కరెంటు ప్లాంటు ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం. మొదటి వారం పొద్దుటి షిఫ్టు కావడంతో ఆమెకేమీ తెలియలేదు. రెండో వారం మధ్యాహ్నం షిఫ్టు పడింది. సోమవారం పన్నెండింటికి తల దువ్వుకుంటుంటే వంటింట్లోంచి కమ్మటి వాసన వచ్చింది. నేతిలో పండ్లేవో మగ్గుతున్నాయి. వెనకే మరిగే పాలు, యాలకులు. వెళ్లి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. కిటికీ అవతల చెట్టు తప్ప ఇంకో ఇల్లు లేదు.

మంగళవారం మళ్లీ అదే వేళకు వచ్చింది. సంగీత భయపడి వెనక తలుపు తీసింది. మెడలో టేపుతో సత్తార్ నిలబడి ఉన్నాడు.

"ఏం వండుతున్నవ్ బేటీ?"

"ఏం వండలే చాచా. పొద్దుగాల్నే అన్నం, పప్పు చేసిన."

"మరి వాసన? నీగ్గూడ వస్తున్నదా?"

"అవ్. నిన్నగూడ వచ్చింది."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "పండ్లు పండినన్ని దినాలు వస్తది, మా బేగం చేసే అంజీర్ ఖీర్ వాసన. నాకొక్కనికే అనుకున్న. మతి పోయిందేమో అనుకున్న."

ఆ రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చాక తల్లి పూలికి ఫోన్ చేసి చెప్పింది. "జల్దీ ఖాళీ చెయ్ బిడ్డా, గా ఇంట్ల ఒక్కరోజు ఉండకు" అని తల్లి ఏడ్చింది. బుధవారం పొద్దున సంగీత బట్టలు సర్దుకుని, మాట చెప్పి పోదామని సత్తార్ దగ్గరికి వెళ్లింది. ఆమె చేతిలో సంచి చూసి ఆయన మిషన్ ఆపాడు.

"పోతే పో బేటీ, తప్పులేదు. కానీ ఎందుకు వస్తదో విని పో."

బేగం కిడ్నీలు పాడై ఖమ్మం దవాఖానాలో ఇరవై రోజులుంది. రోజూ ఒకటే అడిగేది, చెట్టు కాసిందా అని. ఆ పండ్లు తినొద్దని డాక్టర్ చెప్పాడు.

"కాయలేదని చెప్పిన. గా యేడాది కొమ్మలు వంగేటట్టు కాసింది. ఒకనాడు బస్సుకు పోతూ పోతూ నాలుగు తెంపుకొని తిన్న. దవాఖానాల పక్కన కూసున్నంక మళ్ల అడిగింది. కాయలేదన్న. నా గడ్డం దిక్కు చూసి చెయ్యి చాపింది. గింజ అంటుకొని ఉంది. వేలుతోటి తీసి చూసింది. దుప్పటికి తుడుచుకుంది. ఏమనలే. తిట్టినా బాగుండు బేటీ. మూడోనాడు పోయింది."

సంగీత సంచి కింద పెట్టి, "గా ఖీర్ ఆమె ఎట్ల చేసేది చాచా?" అని అడిగింది.

గురువారం ఆమెకు సెలవు. చెట్టు పాలు తగిలితే దురద పెడతాయని చేతులకు నూనె రాసుకుని పండ్లు తెంపింది. మొదటి పండును చీల్చి లోపల పురుగుందేమోనని వెతికింది.

"ఏం చూస్తున్నవ్?"

"తండాల మేడిపండ్లు గిట్లనే చూసి తింటం."

"ఇవి మేడిపండ్లు కావు. తిను."

సగం పండు నోట్లో వేసుకుంది. తేనెలా ఉంది. గింజలు పంటి కింద పటపటలాడాయి. సత్తార్ తల తిప్పుకున్నాడు.

ఆయన వంటింట్లో అడుగు పెట్టలేదు. గడప బయటి నుంచే చెప్పాడు. పండ్లు రెండు చీలికలు చేసి నేతిలో సన్నసెగ మీద మగ్గనిచ్చింది. వేరే గిన్నెలో సగానికి మరిగించిన పాలు పోయబోతుంటే, "ఆగు! పొయ్యి మీద పోస్తే విరుగుతయ్. ఆమె దించినంక పోసేది" అని అరిచాడు. పన్నెండయింది. గిన్నెలోంచి వచ్చే వాసన ఏదో, రోజూ వచ్చే వాసన ఏదో ఇద్దరికీ తెలియలేదు.

సత్తార్ బేగం కోసం ఫాతిహా ప్రార్థన చదివి, ఖీర్ వీధిలో అందరికీ పంచాడు. తను మాత్రం తినలేదు. "ఆమె పేరు మీద చేసింది. నాకు హక్కు లేదు" అన్నాడు. సంగీత బలవంతం చేయలేదు.

శుక్రవారం వాసన రాలేదు. శనివారం కూడా. రెండు రోజులూ సత్తార్ పన్నెండింటికి వచ్చి వెనక మెట్టు మీద కూర్చుని లేచి వెళ్లాడు. పీడ పోయిందని తల్లితో చెప్పిందే గానీ, ఆయన వంగిన వీపు చూస్తే సంగీతకు తానేదో తప్పు చేసినట్టనిపించింది.

ఆదివారం వాసన మళ్లీ వచ్చింది. ఈసారి అందులో మాడు వాసన కలిసి ఉంది. సత్తార్ గట్టిగా వాసన పీల్చి, సంగీత ఎన్నడూ వినని నవ్వు నవ్వాడు.

"పాలు అడుగంటినయ్! ముచ్చట్ల పడితే గింతే ఆమె, పొయ్యి మీద ఏమున్నదో మర్చిపోతది."

ఎవరితో ముచ్చట అని అడగబోయి, ఖాళీ వంటింటి వైపు చూసి, సంగీత ఊరుకుంది.